మేడ మీద గదికి పాలీకార్బనేట్ కప్పు

పాలీకార్బనేట్ షీటు అమ్మేవాడు ముందు సుత్తి తీస్తాడు. షీటు ముక్కను రెండు ఇటుకల మీద పెట్టి, సుత్తి కొనేవాడి చేతికే ఇచ్చి, కొట్టమంటాడు. కొనేవాడు మొదట మెల్లగా కొడతాడు, తర్వాత బలంగా కొడతాడు. షీటు వంగుతుంది, సొట్ట పడుతుంది, పగలదు. కొనేవాడు నవ్వుతాడు. బేరం అక్కడే కుదిరిపోతుంది. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు అతను ఒక్కటీ అడగడు.

ఆ షీటు కోసీ, వేసీ, విప్పీ, మళ్లీ వేసీ బతికినవాణ్ణి నేను. మాది ప్రొద్దుటూరు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి సౌదీ వెళ్లాను. తబూక్‌లో కార్ల షెడ్లూ గ్రీన్‌హౌస్‌లూ కట్టే ఒక కంపెనీలో ఫిట్టర్‌గా చేరి, ఫోర్‌మన్‌గా చాలా ఏళ్లు చేశాను. చివర్లో కొంతకాలం అక్కడే యాన్బు అనే ఊళ్లో. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. ఈ షీటు ఇప్పుడు మన ఊళ్లలోనూ మేడలెక్కుతోంది కాబట్టి, ఈ పనిలోకి దిగిన పిల్లలు ఫోన్ చేసి స్క్రూ ఎంత బిగించాలి, ఏ టేపు వేయాలి అని అడుగుతుంటారు. చెబుతాను. కానీ ఈ పని చేస్తే ఏమేం చూడాల్సి వస్తుందో ఎవరూ అడగరు. అడగకపోయినా రాస్తున్నాను. ఇందులో తీపి తక్కువ.

షీటు సంగతి

గాజు కంటే తేలిక, గాజు కంటే గట్టి. మీరు రోజూ నీళ్లు వంచుకునే పెద్ద క్యాను చాలావరకు ఇదే పదార్థం. హెల్మెట్ ముందు అద్దం, పోలీసుల చేతుల్లో పారదర్శకంగా కనిపించే డాలు, బడి వరండాల మీది వెలుతురు కప్పు, అన్నీ ఇదే. ఇంత మంచి సరుకు ఇంకొకటి లేదని నేను ఇప్పటికీ అంటాను. చెడగొట్టేది మనుషులే.

షీటుకు ఒక వైపే ఎండను తట్టుకునే పూత ఉంటుంది. దాని మీది ప్లాస్టిక్ పొర మీద ఏ వైపు పైకి ఉండాలో అచ్చువేసి ఉంటుంది. తొందరలో ఆ పొర ముందే పీకేసి, తిరగేసి బిగించారంటే, కొన్నేళ్లకే పసుపెక్కి పెళుసవుతుంది. ఎండకు షీటు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. అందుకే స్క్రూ కంటే కన్నం పెద్దదిగా వేయాలి, స్క్రూ మరీ బిగించకూడదు. తబూక్‌లో సాయంత్రం షెడ్డు కింద నిలబడితే షీట్లు ముడుచుకుంటూ టక్ టక్ మని శబ్దం చేస్తాయి. ఆ శబ్దం వినిపిస్తే పని బాగా జరిగినట్టే. దాన్ని కదలనీయకుండా బిగించేస్తే స్క్రూ దగ్గర చీలుతుంది.

రెండు పొరల షీటుకు మధ్యలో సన్నటి గొట్టాల్లా ఉంటుంది. అంచులకు టేపు సరిగ్గా వేయకపోతే వాటిలోకి దుమ్ము, చీమలు, నాచు చేరతాయి. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. పెట్రోలు, థిన్నరు, ఘాటు అద్దాల క్లీనర్లు దీనికి విషం. సుత్తికి పగలని షీటు థిన్నరు తగిలితే తనంతట తానే చిట్లుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. ఇది వెలుతురును లోపలికి రానిస్తుంది, వేడిని బయటికి పోనివ్వదు. గ్రీన్‌హౌస్‌కు కావలసింది అదే. చలికాలంలో తబూక్ పొలాల్లో మొక్కల మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి. అలాంటప్పుడు ఈ షీటు కింద టమేటా బతుకుతుంది. ఎండాకాలం అదే షీటు మీద నీడవల కప్పి, పెద్ద ఫ్యాన్లు పెట్టి, తడి గోడల గుండా గాలి లాగితే తప్ప ఆ టమేటా కూడా బతకదు.

రియాజ్ సాబ్

మా మేనేజరు పేరు రియాజ్. హైదరాబాద్ మనిషి. నాకు ఈ పని నేర్పింది ఆయనే. నా మొదటి కంపెనీ మూతపడి నేను ఎటూ కాకుండా ఉన్నప్పుడు నా ఇఖామాను, అంటే అక్కడ ఉండే పర్మిట్‌ను, తన కంపెనీకి మార్పించింది కూడా ఆయనే. ఆ మేలు మరిచిపోలేదు. కానీ మేలు చేశాడని మనిషిని తూకం వేయడం మానుకోకూడదని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

పొలం యజమాని ఒకాయన తన గ్రీన్‌హౌస్ షీట్లు మూడో ఏటికే పసుపెక్కాయని మా ఆఫీసుకు వచ్చాడు. నేనూ రియాజ్ సాబూ పోయి చూశాం. తిరగేసి వేశారు. మా మనుషులే వేశారు. రియాజ్ సాబ్ ఒక్క చూపులో కనిపెట్టాడు. యజమాని వైపు తిరిగి, బాధగా తలూపి, "తబూక్ ఎండ చాలా గట్టిది షేక్" అన్నాడు. ఆయన కూడా తలూపాడు. నిజమే కదా, తబూక్ ఎండ గట్టిదే.

తిరిగి వచ్చేటప్పుడు కారులో రియాజ్ సాబే అన్నాడు. "అబద్ధమాడిననా బాషా? ఎండ గట్టిది కాదా?"

మీ మేనేజర్లలో ఏమీ తెలియనివాళ్లకు భయపడొద్దు. వాళ్లకు చెప్పి ఒప్పించవచ్చు. అన్నీ తెలిసి, తెలిసినదాన్ని ఇలా వాడేవాళ్లను చూసి భయపడండి.

గది

ఒక చలికాలం చివర తబూక్‌లో ఒక విల్లా పని వచ్చింది. ఇంటాయన బడిలో లెక్కలు చెప్పే మాస్టారు, అందరూ అబూ ఖాలిద్ అనేవారు. మేడ మీద ఒక చిన్న గది కట్టించుకుంటున్నాడు. నాలుగు వైపులా సిమెంటు ఇటుక గోడలు లేచాయి. పైకప్పు మాది. కొలతలు తీసుకోవడానికి పోతే, గది స్టోరుకని అనుకున్నాను. మూలన మంచం పట్టడానికి చోటు, తలుపు పక్కన అద్దం మేకు, ఏసీకి గోడలో కన్నం. అది ఇంట్లో పనిచేసే మనిషి కోసమని అప్పుడు తెలిసింది.

ఆఫీసుకు పోయి రియాజ్ సాబ్‌తో చెప్పాను. "సార్, దాంట్లో మనిషి పండుకుంటాది. టమేటాలు కాదు."

"ఏసీ పెడతరు భాయ్."

"క్లియర్ షీటు కింద ఏసీ ఏం చేస్తాది సార్? కనీసం పాలరంగు షీటు ఇద్దాం. గాలి పోను పైన రెండు వెంట్లు పెడదాం. వీలైతే మీద ఇన్సులేషన్ ప్యానెలే వేయల్ల."

"పాలరంగు స్టాక్ లేదు. పొలాల ఆర్డరుది క్లియర్ మిగిలింది, అదే పోవాలె. వెంట్లు పెడితే దుమ్మొస్తదని వాళ్ల మేడమ్ వద్దన్నది." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు ఫోర్‌మన్‌వా, ముఫ్తీవా?" ముఫ్తీ అంటే ఏది ధర్మమో తీర్పు చెప్పే మతపండితుడు.

ఇంటాయనకు నేనే చెబుతానన్నాను. కస్టమర్‌తో మాట్లాడేది ఆఫీసు, మేకులు కొట్టేది నువ్వు అన్నాడు. నేను వేయకపోతే ఇంకో ఫోర్‌మన్ వేస్తాడు. ఈ మాట మీరూ ఏదో ఒక రోజు అనుకుంటారు. అది నిజం. దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

కప్పు వేసే రోజు నేను పైన నిలబడి మా ఫిట్టర్ యాదగిరితో తెలుగులో గట్టిగా మాట్లాడుతున్నాను. బట్టలు ఆరేయడానికి పైకి వచ్చిన ఒకావిడ దండెం దగ్గరే ఆగిపోయింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. అక్కడి ఇళ్లలో పనివాళ్లు ఆడవాళ్లతో మాట్లాడటం మర్యాద కాదు. ఆవిడా దగ్గరికి రాలేదు, దూరం నుంచే అడిగింది.

"మీరు తెలుగోళ్లాండి?"

"అవునమ్మా. మాది ప్రొద్దుటూరు."

"మాది పాలకొల్లు దగ్గరండి. సత్తెవతండి." కప్పు వైపు చూసింది. "ఇది నాకేనండి. ఇన్నాళ్లూ పిల్లల గదిలో కిందే పడుకునేదాన్నండి. సొంతంగా గది ఇత్తన్నారండి."

ఆ మాటలో సంతోషం ఉంది. నేను తల తిప్పుకున్నాను.

"ఎండకి ఆగుద్దాండి బాబాయిగారు?"

"కప్పు ఆగుతాదమ్మా" అన్నాను. ఆవిడ అడిగింది కప్పు గురించి కాదని తెలిసి కూడా. తర్వాత చెప్పాను. "ఎండాకాలం మాత్రం కష్టం. ఏసీ పెట్టించుకో. లేదంటే కప్పు మీద బయటివైపు మందం దుప్పట్లు పరిపించుకో. లోపలివైపు కడితే లాభం లేదు, వేడి అప్పటికే లోపలికి వచ్చేసుంటాది." కప్పుకు ఏదైనా అయితే చెప్పమని యాదగిరి చేత నా నంబరు రాయించి ఇచ్చాను. రంగు గురించి చెప్పాలని నాకు తట్టలేదు. ఎవరు రంగు వేస్తారని అనుకుంటాం?

వెంట్లు వద్దన్నారు కాబట్టి, నేను పక్క అంచుల్లో గోడకూ షీటుకూ మధ్య వేలెడు సందు వదిలాను. అంతకంటే ఏమీ చేయలేకపోయాను.

థిన్నరు

ఎండలు ముదిరాక రియాజ్ సాబ్ పిలిచాడు. విల్లా కప్పు చిట్లిందట. ఒక ముక్క గాలికి విరిగి, కింద పెరట్లో పిల్లల సైకిలు పక్కన పడిందట. అబూ ఖాలిద్ భార్య మండిపడుతోందట.

"పనిమనిషి లోపల రంగేసిందట. పోయి చూసి, 'రంగు వల్ల పోయింది, మా తప్పు కాదు' అని ఒక్క మాట చెప్పిరా. ఒక్కటే మాట."

మధ్యాహ్నం పోయాను. అబూ ఖాలిద్ తలుపు తీశాడు. నెమ్మదైన మనిషి. ముందు నీళ్లిచ్చి, తర్వాతే పైకి తీసుకుపోయాడు. గదిలోకి తల పెట్టగానే థిన్నరు వాసన. కప్పు లోపలివైపు సగానికి పైగా తెల్లరంగు, బ్రష్షు అందినంత మేర. రంగు తగిలిన చోటల్లా సన్నటి గీతలు, పాత పింగాణీ గిన్నె మీద ఉంటాయే అలాంటివి. స్క్రూల చుట్టూ చీలికలు. ఏసీ కోసం వదిలిన కన్నానికి అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. మూలన ఒక టేబుల్ ఫ్యాను, నేల మీద తడిసి ఎండిన దుప్పటి.

సత్తెవతి మెట్ల దగ్గర నిలబడి ఉంది. చలికాలంలో చూసిన మనిషేనా అనిపించింది. పెదవులు పగిలాయి, మెడంతా చెమటకాయలు.

"ఎందుకు వేశావమ్మా?"

"రంగేత్తే నీడొత్తదనుకున్నానండి. గేటుకి వేసిన రంగు మిగిలితే డ్రైవరిచ్చాడండి. గట్టిగా ఉంటే థిన్నరు కలపమన్నాడండి." గొంతు తగ్గించింది. "దుప్పట్లు అడిగానండి. మేడ మీద గుడ్డలేంటి, పక్కింటోళ్లు చూత్తారన్నారండి. ఇప్పుడు నన్ను ఆఫీసుకి పంపేత్తామంటున్నారండి."

ఆఫీసంటే ఇళ్లకు పనివాళ్లను పంపే ఏజెన్సీ. తిరిగి వచ్చిన మనిషిని వాళ్లు ఇంకో ఇంటికి పంపుతారు. ఆ ఇల్లు ఎలాంటిదో ఎవరికీ తెలియదు.

అబూ ఖాలిద్ నన్నే చూస్తున్నాడు. "మీ మేనేజరు నా చేతికి సుత్తి ఇచ్చాడు" అన్నాడు అరబిక్‌లో. "పగలదన్నాడు. ఇదేమిటి?"

నేను చెప్పాల్సింది ఒక్క మాట. ఆ మాట అబద్ధం కూడా కాదు. రంగులోని థిన్నరు వల్లే పోయింది. తబూక్ ఎండ గట్టిదన్నట్టే, అదీ నిజమే. నోటి దాకా వచ్చింది. మెట్ల దగ్గరున్న మనిషి మెడ చూశాక ఇంకో మాట వచ్చింది.

"మాస్టారూ, ఒక చాయ్ తాగేంతసేపు లోపల కూర్చోండి. తర్వాత చెబుతాను" అన్నాను.

ఆయన ఇబ్బంది పడ్డాడు. "అది ఆమె గది. నేను పోకూడదు" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. గది కట్టించినప్పటి నుంచి ఆయన ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. చెడ్డవాడై కాదు, మర్యాద తెలిసినవాడై. సత్తెవతి తన బట్టల సంచి తీసుకుని బయటికి వచ్చి పక్కకు తప్పుకుంది. ఆయన వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. తలుపు నేనే వేశాను.

చాయ్ తాగేంతసేపు పట్టలేదు. ఒంటి మీది తోబు, అరబ్బుల తెల్లటి పొడుగు చొక్కా, వీపుకు అతుక్కుపోయి బయటికి వచ్చాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది పొయ్యి" అన్నాడు.

"షీటు పోయింది రంగువల్లే" అన్నాను. "కానీ ఈ షీటు మొక్కల కోసం. మనిషి పడుకునే గదికి ఇది వేయకూడదు. ఆమె రంగు వేయకపోయుంటే షీటు మిగిలేది, మనిషి మిగిలేది కాదు."

"ఈ మాట కట్టేటప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మా ఆఫీసుకు చెప్పినాను. మీతో మాట్లాడొద్దన్నారు."

"నువ్వు మాట్లాడలేదు."

"లేదు."

ఆయన కిందికి పోయి భార్యతో మాట్లాడాడు. మాటలు పైదాకా వినిపించాయి. ఆ రోజే సత్తెవతి సామాను కింద ఇస్త్రీ గదిలోకి మారింది. కప్పు విప్పుకుపొమ్మన్నాడు. యాదగిరీ నేనూ విప్పి కిందికి దించాం. సత్తెవతి మాకు రెండు గ్లాసుల మజ్జిగ పంపింది.

మా కంపెనీ నేర్చుకున్నది

రియాజ్ సాబ్ అరవలేదు. "ఒక్క మాట చెప్పమన్న. నువ్వు ఉపన్యాసమిచ్చొచ్చినవ్" అన్నాడు. వారం తిరక్కుండా నన్ను యాన్బు పంపాడు. అక్కడ మా కంపెనీకి ఫ్యాక్టరీల్లో ఇదే షీటుతో మెషిన్ గార్డులు చేసే కాంట్రాక్టు ఉండేది. తిరిగే యంత్రంలో మనిషి చేయి పడకుండా దాని ముందు పెట్టే అడ్డు అది. ఫోర్‌మన్‌గా పోయినవాణ్ణి షెడ్డులో షీట్లు కోసే బల్ల దగ్గర నిలబెట్టారు.

అక్కడ ఒకటి గమనించాను. గార్డు ఎంత మందముండాలి, వేడి ఎంత తగులుతుంది, దేంతో తుడవాలి అన్నీ ఇంజనీర్లు ముందే రాసి ఇచ్చేవారు. ఎక్కడైనా గీత పడితే వెనక్కి పంపేవారు. షీటు వెనక యంత్రం ఉంటే ఇన్ని ప్రశ్నలు అడుగుతారు. షీటు కింద పనిమనిషి ఉంటే ఒక్కటీ అడగరు. అదే కంపెనీ, అదే సరుకు.

మేడ మీద గదులు అమ్మడం ఆగలేదు. యాదగిరి ఫోన్‌లో చెప్పేవాడు. "గిప్పుడు కొటేషన్ల కొత్త లైను పెట్టిండ్రు అన్నా. రంగేస్తే గ్యారంటీ లేదని." మా కంపెనీ ఆ గది నుంచి నేర్చుకున్నది అదీ.

మీరు నన్ను అడగొచ్చు, ఇదంతా చెప్పి మమ్మల్ని ఏం చేయమంటావని. మేడ మీద కొలతలు తీసేటప్పుడు ఆ గదిలో ఎవరు పడుకుంటారో అడగండి. ఆఫీసును కాదు, ఇంటివాళ్లను అడగండి. కట్టిన తర్వాత కాదు, కట్టకముందు. మీ మేనేజరు ముఫ్తీవా అని అడుగుతాడు. అడగనివ్వండి. నేను కట్టకముందే చెప్పి ఉన్నా నాకు దక్కేది అదే యాన్బు, అదే బల్ల. పోయేది ఎలాగూ పోయేదే.

ఉనైజా నుంచి

యాన్బులో ఉండగా ఒకరోజు పనిలో ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"బాబాయిగారాండి? సత్తెవతినండి."

అబూ ఖాలిద్ భార్య మనసులో పెట్టుకుందట. పరాయి పనివాళ్లు వినేట్టు మొగుడి చేత తనను మాట అనిపించిన మనిషి ఇంట్లో ఉండొద్దందట. చలికాలమంతా సాధించి, చివరికి ఏజెన్సీకి అప్పగించారట. అక్కడి నుంచి ఉనైజా అనే ఊళ్లో ఒక ఖర్జూరం తోటవాళ్ల ఇంటికి పంపారట.

"మాస్టారు ఏమీ అనలేదా?"

"ఆయన మంచోడేనండి. ఎల్లేటప్పుడు ఖర్జూరాల డబ్బా ఇచ్చారండి."

"ఇప్పుడున్న ఇల్లు బాగుందా అమ్మా?"

"తిండి బాగానే పెడతారండి. జీతం నెల నెలా ఇత్తన్నారండి." తర్వాత అంది, "గది ఇక్కడా పైనేనండి."

నేను బల్ల దగ్గర్నుంచి కదిలి, మెషిన్ల శబ్దం లేని చోటికి పోయాను.

"కప్పు ఏంది?"

"మీ రేకేనండి. గోడలు కూడా అదేనండి."

ఏ కంపెనీ వేసిందో అడగలేదు. అడిగి ఏం చేయాలి?

"ఏసీ ఉందా?"

"ఉందండి. తిరుగుద్దండి, సల్లబడదండి. రంగు మాత్రం ముట్టుకోలేదండి. బయట దుప్పట్లు పరుచుకుంటానని అడిగితే సూద్దాం అన్నారండి." అలసిపోయిన గొంతు. ఫిర్యాదు చేస్తున్నట్టుగా లేదు. తెలిసినవాణ్ణి కాబట్టి ఒక సంగతి అడిగి తెలుసుకోవాలనుకుంది, అంతే. అదే అడిగింది.

"బాబాయిగారు, ఈ ఉనైజాలో సలికాలం ఎప్పుడొత్తదండి?"

"ఎంతో లేదమ్మా" అన్నాను.

అది మే నెల.